పురుగుమందు - కూలివాని రక్షణ



పైరునకు పట్టు పురుగును గూర్చియు, దానిని చంపు మందులను గూర్చియు రేడియోలో మీరు పెక్కు ప్రసంగములు వినియుందురు. ఆ మందును డబ్బాలో నింపి, వీపున మోసికొని, చేనిలో సాలు వెంట సాలు నడచు మనుష్యుని గూర్చి వినినది తక్కువగా నుండును. నేడు నేను ఆ మనుష్యుని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. అందులకు నాకొక కారణము కలదు. దానిని దాచక ముందుగా చెప్పి, పిదప విషయమునకు వచ్చెదను.

సుమారు నలుబది యేండ్ల క్రిందటి మాట. నేనప్పుడు వ్యవసాయశాఖలో చిన్న యుద్యోగిని. నల్లరేగడి భూములలో పత్తి విస్తారముగా పండు కొన్ని గ్రామములు నా పరిధిలో నుండెను. ఆ యేడు పత్తిని పచ్చపురుగు పట్టినది. నేను ఊరూర తిరిగి, రచ్చబండ కడ రైతులను కూర్చుండబెట్టి, ఏ మందు కొనవలయునో, ఎకరమునకెంత పట్టునో, డబ్బాకు ఎన్ని మూతలు కలుపవలయునో, ఎన్ని దినములకొకమారు కొట్టవలయునో నల్లబల్ల మీద వ్రాసి చూపితిని. వారును శ్రద్ధగా వినిరి. నేను తృప్తితో ఇల్లు చేరితిని.

ఒక గ్రామమున ఒక రైతు మరునాడే మందు తెప్పించి ఒక కూలివానిని పనికి కుదిర్చెను. వాడు ముప్పది యేండ్లలోపు వయసువాడు, మంచి కండగలవాడు. డబ్బాకు ఇంతయని బేరము. ఎన్ని డబ్బాలు కొట్టిన అంత కూలి గనుక వాడు ప్రొద్దు పొడవక మునుపే మొదలుపెట్టి మిట్టమధ్యాహ్నము దాక నడుము వాల్చలేదు. ఒంటి మీద చొక్కా లేదు. మొలకొక గుడ్డ, తలకొక గుడ్డ. మందును చేతితోనే కలిపెను. నాజిలు పూడినప్పుడెల్ల నోటితో ఊది శుభ్రపరచుకొనెను. డబ్బా మూత సరిగా బిగియక వీపు మీదికి మందునీరు కారుచునే యుండెను. ఇవియన్నియు తరువాత నేను విచారించి తెలిసికొన్న సంగతులు.

రెండవనాటి మధ్యాహ్నము వానికి తల తిరిగెను. చెమట ధారలు కట్టెను. నోట చొల్లు కారెను. తోడివారు వడదెబ్బ యనుకొని చెట్టునీడకు చేర్చి మజ్జిగ త్రాగించిరి. కల్లు ఎక్కువైనదని ఒకడు నవ్వెనట. సాయంకాలమునకు చేతుల కండలు అదరుట మొదలై, ఊపిరి బరువయ్యెను. అప్పుడు బండి కట్టి పట్టణమునకు తీసికొనిపోయిరి. వార్త తెలిసి నేనును రాత్రికి ఆసుపత్రి చేరితిని. అచ్చటి వైద్యుడు వచ్చినవారినెల్ల ఒక్కటే ప్రశ్న అడుగుచుండెను: "ఏ మందు? సీసా ఏది?" సీసా ఎవ్వరును తేలేదు. మందు పేరు చెప్పగలవాడు అచ్చట నేనొక్కడనే. ఆ సీసా మరునాడు వాని యింటనే కనబడినది. మొదటినాడు ఖాళీయైన దానిని కడిగి, అందులో కిరసనాయిలు పోసి, దీపము బుడ్ల కొరకు గూటిలో దాచుకొనిరి.

దైవవశమున వాడు బ్రతికెను. ఆరవనాడు మంచము మీద లేచి కూర్చుండెను. నేను పరామర్శింపబోగా వాని భార్య నా ముఖము చూచి ఇట్లనెను: "అయ్యా, పురుగు చావడానికి ఎంత మందు పొయ్యాలో బల్ల మీద రాసి చూపిచ్చారు. మనిషి బతకడానికి ఏం చెయ్యాలో ఒక్క ముక్కయినా రాశారా?"

నాకు జవాబు తోచలేదు. నేను వ్రాయలేదు. ఆమె అడిగినదానికి జవాబు వెదకుటలోనే నా యుద్యోగములో మిగిలిన కాలము చాలభాగము గడచినది. ఆ వెదకులాటలో నేను తెలిసికొన్నది మీ ముందు పెట్టుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

విషము దేహములో చొచ్చుటకు మూడు వాకిళ్లు కలవు: నోరు, ముక్కు, చర్మము. మనవారు నోటిని మాత్రమే ఎరుగుదురు. త్రాగినగదా చచ్చునది యని ధైర్యము. కాని చేనిలో మందు కొట్టువానికి ముఖ్యమైన వాకిలి చర్మమే. చర్మము సయితము అంతట ఒక్కతీరుగా నుండదు. ముంజేతి కంటె ముఖము, మెడ, చంకలు, తొడల సందులు మందును మిక్కిలి త్వరగా పీల్చును. పుండ్లు, గీతలు ఉన్నచోట చెప్పనక్కర లేదు. మందునీటితో తడిసిన చొక్కాను ఒంటి మీదనే ఆరనిచ్చుట యనగా విషపు పట్టీ కట్టుకొని తిరుగుటయే. మరియొక మాట. కొట్టునప్పుడు మందు నీళ్లతో పలుచబడి యుండును. కలుపునప్పుడు చిక్కగా నుండును. కనుక కలుపునప్పుడు చేతిమీద పడిన ఒక్క చిందు కొట్టునప్పుడు పడిన పెక్కు తుంపరల పెట్టు.

ఆర్గానోఫాస్ఫరస్, కార్బమేటు అను రెండు జాతుల మందులు నరముల మీద పనిచేయును. మన నరములు కండకు ఆజ్ఞ పంపునప్పుడు ఎసిటైల్‌కోలిన్ అను ద్రవ్యము కొంచెము వెలువడును. ఆజ్ఞ నెరవేరగానే దానిని తుడిచివేయుటకు కోలినెస్టరేజ్ అను మరియొక పదార్థమును భగవంతుడు మన దేహములోనే ఉంచియున్నాడు. పైన చెప్పిన మందులు ఈ తుడుచుదానిని కట్టివేయును. అంతట తోలువాడే గాని పగ్గము బిగబట్టువాడు లేని బండివలె దేహము అదుపు తప్పును. కన్నీరు, చొల్లు, చెమట ఎడతెగక కారును. కంటిపాప సూదిమొనవలె చిన్నదగును. చూపు మసకలు కమ్మును. వాంతులు, కడుపునొప్పి, కండల అదురు కలుగును. తుదకు ఊపిరి నిలిచిపోవును. దీనికి అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ అను సూదిమందులు కలవు. అవి వేళకు పడిన ప్రాణము దక్కు ఆశ మెండు.

ఇందు మరియొక సూక్ష్మము కలదు. కొద్దికొద్దిగా తగిలినను ఈ పదార్థము దినదినమునకు తరిగిపోవుచుండును. తిరిగి నిండుటకు వారములు పట్టును. కనుక పది దినములు వరుసగా మందు కొట్టి బాగుగనే యున్నవాడు పదునొకండవ నాడు చిన్న మోతాదుకే కూలిపోవచ్చును. "నేను ఇరువది యేండ్లనుండి కొట్టుచున్నాను, నాకేమియు కాలేదు" అను మాట నమ్మదగినది కాదు.

ఇక చట్టము సంగతి. మన దేశములో దీనికి చట్టము లేదనుకొనువారు కలరు. అది పొరపాటు. 1958వ సంవత్సరమున కేరళ రాష్ట్రములో పారాథియాన్ అను పురుగుమందు రవాణాలో ఆహారపదార్థములతో కలిసి, అవి తినిన వారిలో నూరుమందికి పైగా మరణించిరి. ఆ ఘోరము తరువాత ప్రభుత్వమువారు విచారణ జరిపించిరి. దాని ఫలితముగా 1968లో పురుగుమందుల చట్టమును, 1971లో దాని క్రింద నియమావళిని చేసిరి.

ఆ నియమములలో కూలివానికి పనికివచ్చునవి కొన్ని చెప్పెదను. సీసా మీది చీటీని హిందీ, ఇంగ్లీషులతో పాటు అమ్మకమగు ప్రాంతపు భాషలోను అచ్చువేయవలయును. విషలక్షణములను, ప్రథమచికిత్సను, విరుగుడును తెలుపు కాగితమును దానితో కూడ ఇయ్యవలయును. మందు తయారుచేయువారికిని, కొట్టుటకు నియమింపబడినవారికిని పనిలో చేరక మునుపును, తరువాత నియమితకాలములందును వైద్యపరీక్ష జరుగవలయును. ఇప్పుడు చెప్పిన రెండు జాతుల మందులతో పనిచేయువారికి నెలకొకమారు రక్తములో కోలినెస్టరేజ్ కొలత చూడవలయును. రక్షణదుస్తులెట్టివో కూడ నియమావళిలోనే కలదు: మందు ఇంకనివియు, ప్రతి వాడుక తరువాత ఉదుకుటకు వీలైనవియునగు పైబట్టలు, తలకు టోపీ, ముంజేతి సగము దాక వచ్చు రబ్బరు చేతొడుగులు, కంటి అద్దములు, కాళ్లకు బూట్లు. గాలిలోని విషమును వడగట్టు ముఖకవచము వేరు. విరుగుడు మందులు సిద్ధముగా నుంచవలయును. పనివారికి జాగ్రత్తలు నేర్పవలయును. ఖాళీ డబ్బాలను తిరిగి వాడుటకు వీలులేకుండ పగులగొట్టి, ఇండ్లకు దూరముగా పాతిపెట్టవలయును.

సీసా చీటీమీద కోణము మీద నిలిపిన చతురస్రపు గుర్తొకటి ఉండును. చదువురానివాడు సయితము గుర్తింపదగినది. దాని క్రింది సగము ఎరుపైన మిక్కిలి తీవ్రమైన విషము. పసుపైన తీవ్రవిషము. ఎరుపు గుర్తు కలదానిమీద పుర్రె, ఎముకల బొమ్మ ఉండును. నీలమైన మధ్యమము. ఆకుపచ్చయైన స్వల్పము. ఆకుపచ్చ కలది నిరపాయమని అర్థము కాదు. అదియు విషమే, ఎక్కువ తగిలిన హాని చేయును.

ఇన్ని నియమములుండగా నేను చెప్పిన కూలివాని గతి ఎందుకట్లయినదని మీరడుగవచ్చును. నేనును అదియే అడుగుకొని చట్టమును మొదటినుండి తుదివరకు చదివితిని. అందు 38వ విభాగమున జవాబు దొరకినది. ఒకడు తన యింటిలోగాని, పెరటితోటలోగాని, తన సేద్యములోనున్న భూమిలోగాని మందును వాడుకొనుట ఈ చట్టమునకు లోబడదని అచ్చట స్పష్టముగా నున్నది. సన్నకారు రైతును కోర్టుల చుట్టు త్రిప్పరాదను సదుద్దేశముతో పెట్టినదే కావచ్చును. కాని ఆ రైతు భూమిలో కూలికి మందు కొట్టువాని మాటయేమి? మందు వానిది కాదు. భూమి వానిది కాదు. పంట వానిది కాదు. సీసా కొన్నవాడు దుకాణములో చీటీ చూచును. సీసాలోని విషము వీపున మోయువాడు ఆ చీటీని చూడనే చూడడు. చట్టము సీసా వెంట కర్మాగారము నుండి దుకాణము వరకు నడచి వచ్చి, చేనిగట్టు దగ్గర నిలిచిపోవుచున్నది. ఆ గట్టు దాటించు భారము ఇప్పుడు ఊరి మీద నున్నది. నా మనవి యంతయు ఇంతే.

ఆ భారము ఎవ్వరును మోయనప్పుడు ఏమి జరుగునో 2017వ సంవత్సరమున చూచితిమి. మన ఆదిలాబాదు జిల్లాకు పెన్‌గంగ ఆవలియొడ్డున మహారాష్ట్రములోని యవత్‌మాల్ జిల్లా యున్నది. అదియు మనవంటి పత్తి సీమయే. ఆ యేడు పత్తి మనిషి ఎత్తు పెరిగినది. మందు కొట్టువాని ముఖము మీదనే తుంపర పడినది. పలు మందులను ఒకదానితో నొకటి కలిపి కొట్టిరి. రక్షణదుస్తులు లేవు. ఆ వానకాలములో ఆ జిల్లాలో ఇరువదిమందికి పైగా మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. కొందరికి కంటిచూపు దెబ్బతినెను. చనిపోయినవారిలో సొంతభూమి గల చిన్నరైతులును ఉండిరి, కూలివారును ఉండిరి. విషము పట్టా చూచి పట్టదు గదా. ఆ తరువాత ప్రభుత్వము విచారణసంఘమును వేసి, కొన్ని మందుల అమ్మకమును కొంతకాలము ఆపెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లయినది.

చట్టము గట్టు దాటుట అసాధ్యమని తలపవలదు. అమెరికా దేశమువారు 1992లో ఇందుకొక నియమావళిని చేసిరి. అందు బాధ్యత పని చేయించుకొను యజమాని మీదనే పెట్టిరి. ఏ చేనిలో ఏ మందు ఎప్పుడు కొట్టినది పనివారికి తెలుపవలయును. కడుగుకొనుటకు నీరు, సబ్బు, తువ్వాలు చేని దగ్గరనే ఉంచవలయును. ఎవనికైన విషము తగిలిన ఆసుపత్రికి చేర్చవలయును. మందు కొట్టిన చేనిలోనికి, మందుయొక్క తీవ్రతను బట్టి 4 గంటలు మొదలుకొని 48 గంటల దాక, కొన్నిటికి అంతకు మించియు, కూలివారిని దింపరాదు. 2015లో ఆ నియమములను సవరించి, ఏటేట శిక్షణ ఇయ్యవలయుననియు, పదునెనిమిదేండ్లు నిండనివానిచే మందు కొట్టింపరాదనియు చేర్చిరి. ఇందులో ధనికదేశమునకు మాత్రమే సాధ్యమైనది ఏది? ఒక కుండ నీరు, ఒక సబ్బుబిళ్ల, ఒక మాట. ఇవి మన ఊళ్లలో లేనివా?

ఇచ్చట రైతుసోదరులు ఒక ఆక్షేపణ తెత్తురు. "ఈ యెండలో రబ్బరు తొడుగులు, బూట్లు, ముసుగు వేసికొని ఎవడు పనిచేయగలడు?" అందురు. న్యాయమైన మాటయే. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థవారును, ప్రపంచ ఆరోగ్యసంస్థవారును దేశములన్నిటికిని ఇచ్చిన ప్రవర్తననియమములందు దీనిని ఒప్పుకొనియే యున్నారు. ధరించుటకు కష్టమైన, ఖరీదైన, సులభముగా దొరకని రక్షణదుస్తులు లేనిదే వాడరాని మందులను, ఉష్ణదేశములలో చిన్నరైతులును కూలివారును వాడకుండుటయే మేలని వారి మాట. అనగా దుస్తులు తొడుగలేని చోట ఆ మందునే విడువవలయును గాని, మనిషిని బరివొంటితో పంపరాదు. మన ప్రభుత్వమువారును కొన్ని మందులను ఈ త్రోవనే తొలగించిరి. ఎండోసల్ఫానును 2011లో సుప్రీముకోర్టువారు నిలిపిరి. 2018 ఆగస్టులో మిథైల్ పారాథియాన్ మొదలగు పండ్రెండు మందులను వెంటనే నిషేధించి, ఫోరేట్, ట్రయజోఫాస్ మొదలగు ఆరింటిని 2020 తుదికి మానవలెనని ఉత్తరువు చేసిరి. అట్టివి పాతసరకు పేరుతో ఎవరి యింటి అటకమీదనైన నున్నచో తీసి వ్యవసాయాధికారికి చూపుడు.

"తొడుగులు కొనియిచ్చినను వాడు వేసికొనడు" అని మరియొక ఆక్షేపణ. వాడెందుకు వేసికొనడో ఆలోచించితిరా? కూలి డబ్బాకింత గనుక. తొడుగు తొడిగిన చేయి నెమ్మదించును. నెమ్మదించిన డబ్బాలు తగ్గును. డబ్బాలు తగ్గిన ఇంట గింజలు తగ్గును. ఈ లెక్క వానికి మనమే కట్టియిచ్చితిమి. కనుక మొదట మార్చవలసినది కూలి కుదుర్చు పద్ధతి.

ఇక ఊరు చేయదగిన పనులు చెప్పెదను. ఇందుకు కొత్త శాసనమక్కరలేదు. గ్రామసభలో ఒక తీర్మానము చాలును.

మొదటిది: మందు కొట్టు కూలి డబ్బాల లెక్కన గాక పూటకింతయని ఊరంతకు ఒకే ధర కట్టుడు. పూట యనగా తెల్లవారినది మొదలు ఎండ ముదురక మునుపు వరకు. ఒకే మనిషిని దినము తప్పక వారములకొలది ఈ పనికే పెట్టక, వంతులు మార్చుడు.

రెండవది: పంచాయతీ పేర నాలుగైదు జతల రక్షణసామగ్రి కొని యుంచుడు. రబ్బరు తొడుగులు, కంటి అద్దములు, మొగము కవచము, ముందువైపు కట్టుకొను ప్లాస్టికు గుడ్డ, బూట్లు. అద్దె లేక ఇయ్యవలయును. పూర్తి సామగ్రి అందనిచోట కనీసము నిండుచేతుల చొక్కా, పొడుగు లాగు, తలగుడ్డ, తొడుగులు లేనిదే డబ్బా ఎత్తనీయకుడు. ముఖమునకు కట్టుకొను తువ్వాలు తుంపరను కొంత ఆపునుగాని ఆవిరిని ఆపదు. అది తడిసినచో ముక్కుకు విషమును హత్తించినట్లే యగును. ఈ సంగతి అందరికి తెలియజెప్పుడు.

మూడవది: మందు యజమానియే కలుపవలయును, లేదా దగ్గర నిలిచి కలిపించవలయును. చేతితో గాక పొడుగు కర్రతో కలుపవలయును. గాలికి ఎదురుగా కొట్టరాదు. నాజిలు పూడినచో పుల్లతోగాని మెత్తని కుంచెతోగాని తీయవలయునేగాని నోట పెట్టరాదు. పని నడుమ బీడీ, తాంబూలము, తిండి కూడదు. కారు డబ్బాను బాగుచేయించినదాక ముట్టరాదు. చేని దగ్గర కుండెడు మంచినీరును, సబ్బును ఉంచుట యజమాని విధి.

నాలుగవది: మందు కొట్టిన చేని మొదట ఎర్రగుడ్డ కట్టుడు. ఆ గుడ్డ యున్నంతవరకు కలుపు తీయువారిని గాని, పత్తి తీయువారిని గాని, మిరపకాయ కోయువారిని గాని దింపకుడు. ఎన్నాళ్లు ఆగవలయునో చీటీమీదను, కాగితములోను చూచుడు. ఇది ముఖ్యముగా స్త్రీల కొరకు చెప్పుచున్నాను. డబ్బా మోయువాడు మగవాడైనను, వానికి నీళ్లు మోసి యందించునది స్త్రీ. మరునాడు తడియాకులలో చేతులు పెట్టునది స్త్రీ. సాయంకాలము వాని మందుబట్టలు ఉదుకునదియు స్త్రీయే. ఆ బట్టలను ఇతర బట్టలతో కలుపక వేరుగా ఉదుకవలయును. గర్భిణులను, పాలిచ్చు తల్లులను, పిల్లలను ఈ పనికి ఏ విధమునను పెట్టరాదు.

ఐదవది: ఖాళీ సీసాను మూడుమారులు కడిగి, ఆ నీటిని డబ్బాలోనే పోసి చేనికే కొట్టి, సీసాకు చిల్లులు పొడిచి, చెరువుకు, బావికి, ఇండ్లకు దూరముగా పాతిపెట్టుడు. 2013 జులై 16వ తేదీన బీహారులోని సారణ్ జిల్లాలో ఒక బడియందు మధ్యాహ్నభోజనము తిని 23 మంది పసిపిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందున్నట్లు పరీక్షలో తేలినది. పురుగుమందుకు వాడిన డబ్బాలో నూనె పోసి యుండిరని అధికారులు చెప్పిరి. ఆనాడు నా కన్నులయెదుట కనబడినది, నలుబది యేండ్ల క్రిందట గూటిలో దీపము పక్కనున్న ఆ కిరసనాయిలు సీసాయే.

ఆరవది: మందు కొనకమునుపే కొట్టు అవసరమున్నదా యని చూచుడు. పురుగు కనబడగానే గాక, నష్టపరిమితి దాటినప్పుడే కొట్టుట, పసుపురంగు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, వేపగింజల కషాయము, మిత్రపురుగులను కాపాడుట మొదలగు ఉపాయములు వ్యవసాయాధికారులు చెప్పుదురు. ఖమ్మము సీమలోని పునుకుల గ్రామమువారు ఈ శతాబ్దపు తొలి దశకములోనే పురుగుమందులు లేక పత్తి పండించి, వానిని మానవలెనని ఊరంతయు కట్టుబడిరి. కొట్టని మందు ఎవ్వరిని చంపదు.

ఇన్ని జాగ్రత్తలున్నను ఆపద రావచ్చును. అప్పుడు చేయవలసినది గుర్తుంచుకొనుడు. మందు కొట్టువానికి తలతిరుగుట, వాంతి, చొల్లు, విపరీతమైన చెమట, చూపు మసక కనబడినచో వడదెబ్బ యనియో, త్రాగుడనియో తీర్మానింపక, విషమే యని తలచుడు. వెంటనే చేనినుండి దూరముగా గాలిలోనికి తీసికొనిపోవుడు. బట్టలన్నియు విప్పి సబ్బుతో, విస్తారమైన నీటితో ఒళ్లు కడుగుడు. కడుగువాడు తన చేతులకును తొడుగు వేసికొనవలయును. కంటిలో పడినచో పావుగంటసేపు ధారగా నీరు పోయుడు. స్మృతి లేనివానిని ఒక ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టుడు. పేడనీళ్లు, ఉప్పునీళ్లు, చింతపండు నీళ్లు పోసి వాంతి చేయింపబూనుట మనవారి యలవాటు. అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణమునే తీయగలదు. అట్లు చేయకుడు. ఊరి వైద్యుని దగ్గర కాలము పోగొట్టక 108 బండిని పిలిచి పెద్దాసుపత్రికి పంపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, చీటీ చెడని సీసాను రోగివెంట పంపుడు. మీ ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో అట్రోపిన్ నిలువ యున్నదో లేదో మందు కొట్టు కాలము రాకమునుపే విచారించుడు. జరిగిన సంగతిని వ్యవసాయాధికారికి తెలుపుడు. లెక్కకెక్కని విషబాధను ప్రభుత్వము ఎరుగదు. ఎరుగనిదానికి నియమమును చేయదు.

పెద్దలారా, మన పల్లెలలో యజమాని కూలివానికి పెట్టు అన్నమును గూర్చి, ఇచ్చు కూలిని గూర్చి ధర్మము చెప్పువారు పూర్వమునుండి కలరు. మందు కొట్టించుట మనకు కొత్త పని. దాని ధర్మము ఇంకను ఊరి నోట పడలేదు. ప్రభుత్వము చట్టమును సవరించి చేనిగట్టు దాటించువరకు మనము కాచుకొని కూర్చుండిన, ఈలోపల పోవు ప్రాణములు తిరిగి రావు. మొదటి డబ్బా నిండకమునుపే ఒకనాడు గ్రామసభ చేసి, ఈ ఆరింటిలో మీకు చేతనైనన్ని తీర్మానించుడు. ఆ సభకు భూమి గలవారితో పాటు మందు కొట్టువారిని, వారి ఇల్లాండ్రను తప్పక పిలువుడు. పిలిచి, వారు చెప్పునది ముందు వినుడు. నేను ఆనాడు రచ్చబండ కడ చేయక విడిచినది అదియే.